ఆమెకు చెప్పని జబ్బు

ఆ ఇంట్లో చావుకబుర్లు జ్ఞానప్రసూనకు భోజనమయ్యాకే అందేవి. ముందుగా ఆమె రక్తపోటు మాత్ర వేసుకున్నదో లేదో భర్త సత్యమూర్తి కనుక్కునేవాడు. తరవాత ఆమెను గోడవార చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ల గ్లాసు చేతికందేలా పెట్టి, గొంతు సవరించుకునేవాడు. ఆ ఏర్పాట్లు మొదలవుతూనే ఎవరో పోయారని ఆమెకు తెలిసిపోయేది. ఇక తెలియవలసింది పేరొక్కటే. చాలాసార్లు ఆ పేరుగల మనిషికి పన్నెండో రోజు భోజనాలు కూడా ముగిసి ఉండేవి.

ఈ పద్ధతికి ఒక పుట్టుక ఉంది. రెండేళ్ల కిందట తమ్ముడు పోయిన కబురు ఫోనులో విని ఆమె నిలుచున్నచోటే కూలిపోయింది. ఆసుపత్రిలో కొలిస్తే రక్తపోటు హద్దులు దాటి ఉంది. ఆనాటి నుంచి సత్యమూర్తీ, రాయపూర్‌లో కాపురముంటున్న కూతురు భానుశ్రీ కలిసి ఆమె చుట్టూ ఒక కంచె వేశారు. "అమ్మకి బి.పి., చెప్పకండి" అన్న మాట బంధువర్గమంతటా చట్టంలా అమలైంది. ఇనుపగనుల ఊరు బచేలీలో, టౌన్‌షిప్ బడిలో ఉద్యోగకాలమంతా లెక్కలు చెప్పిన మనిషి ఆమె. పిల్లవాడి జవాబు తప్పితే అడ్డగీత కొట్టి ఊరుకోక, ఏ మెట్టు దగ్గర తప్పిందో వేలు పెట్టి చూపించేది. అటువంటి మనిషి ఈ కంచెను ఎలా సహించిందని అడగవచ్చు. పోయినవాళ్లు ఎలాగూ పోయారు, తనకు ఆలస్యంగా తెలిసినంత మాత్రాన వాళ్లకు కొత్తగా జరిగే నష్టమేమీ లేదని ఆమె సర్దుకుంది. బతికి ఉన్నవాళ్ల సంగతి కూడా ఇదే దారిలో దాచిపెడతారని ఆమెకు తోచలేదు.

బతికి ఉన్నది మిరియం. బడి సైకిల్ షెడ్డు కింద కళ్లు తెరవని పిల్లగా దొరికిన ఆడకుక్క. ఒళ్లంతా నలుపు, చిన్న తల, నిగనిగలాడే బొచ్చు. అందుకే ఆ పేరు. గని రెండో షిఫ్టు సైరను మోగితే మోర పైకెత్తి తానూ ఒక రాగం తీసేది. పదేళ్లు దాటిన తరవాత రాగం తగ్గింది గాని మర్యాద తగ్గలేదు: జ్ఞానప్రసూన పుస్తకం మూసేదాకా అన్నం అడిగేది కాదు. ఉద్యోగాలు ముగిశాక క్వార్టరు ఖాళీ చేసి, సొంతూరు విజయనగరం వెళ్లిపోకుండా బచేలీ బజారు వెనక అద్దె ఇంట్లో దిగడానికి ఆమె చెప్పిన కారణాలలో కొండగాలి ఒకటి, గ్రంథాలయం ఒకటి. చెప్పనిది మిరియం.

కిందటి వానాకాలంలో మిరియం గిన్నెల కొద్దీ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఎంత తాగితే అంత పెరటి వాకిలి దగ్గర నిలబడి గోకేది. వీపు మీద ఎముకలు చేతికి తగిలాయి. జగదల్‌పూర్‌లో కుక్కల వైద్యుడు అవినాష్ ఉన్నాడు. ఒకప్పుడు ఆమె తరగతిలో మూడో బెంచీలో కూర్చున్న పిల్లవాడే. తానూ వస్తానంటే, దారిలో గీదం దాటాక రోడ్డంతా గుంతలని, ఆ కుదుపులు ఆమె ఒంటికి పడవని చెప్పి సత్యమూర్తి ఒక్కడే కారు మాట్లాడుకుని మిరియాన్ని తీసుకువెళ్లాడు. సాయంత్రానికి తిరిగివచ్చి చెప్పులు విప్పుతూ, "వయసు మీదపడింది, అంతే. మరేటీ లేదన్నాడు" అన్నాడు. ఆమె నమ్మింది. భర్త చెప్పినందుకు కాదు, ఆ మాట అవినాష్‌దైనందుకు. వచ్చిన జవాబును మళ్లీ సమీకరణంలో పెట్టి సరిచూసుకోమని ఆ పిల్లవాడికి నేర్పింది తానే.

చలి ముదిరేసరికి మిరియం తిండి తగ్గించింది. పెరుగన్నం ముట్టదు, గుడ్డు ముట్టదు. గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి, క్షమించమన్నట్టు ఒకసారి ముఖంలోకి చూసి వెళ్లి పడుకునేది. ముసలితనంలో నాలుక మొద్దుబారుతుందని జ్ఞానప్రసూన ఎక్కడో చదివింది. వారపు సంతలో ఎండు నెత్తళ్లు కొని, బాగా ఉడికించి, ముళ్లు ఏరి, ఆ నీళ్లతో సహా అన్నంలో కలిపి పెట్టింది. మిరియం గిన్నె నాకి శుభ్రం చేసింది. ఆమెకు ఆ పూట కలిగిన సంతోషం, పరీక్షలో ఎన్నడూ పాసవని పిల్లవాడు పాసైనప్పటి సంతోషం. మరునాటి నుంచి రోజూ అదే.

సత్యమూర్తి ముక్కు మూసుకున్నాడు. ఇల్లంతా నీచువాసన అన్నాడు. వారానికొకసారి పెడితే చాలదా అన్నాడు. ఒకనాడు ఆయన పెరట్లో మందార మొదట్లో గిన్నె సగానికి ఒంపెయ్యడం ఆమె కంటపడింది. నోరులేని జీవి తిండి దగ్గర ఇంత పిసినారితనమా అని నిలదీసింది. ఆయన గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. కొన్నాళ్లు ముభావంగా ఉండి, ఉద్యోగం లేని మగవాళ్లకు చిల్లర బుద్ధులు పుడతాయిలే అని ఆమె క్షమించింది. ఆ క్షమ ఆయన చేయని తప్పుకు దక్కింది. చేసిన తప్పు ఆ మందార మొదట్లోనే, ఆమె కళ్లెదుటే, పేరు లేకుండా పడి ఉంది.

ఫాల్గుణంలో సత్యమూర్తి మేనల్లుడి పెళ్లికి విజయనగరం వెళ్లాడు. మిరియాన్ని చూసుకోవడానికి ఒకరుండాలని ఆమె ఆగిపోయింది. వెళ్లేముందు ఆయన పెరట్లో పనిమనిషి లక్మేతో చాలాసేపు మాట్లాడాడు. బట్టల గురించి కాబోలనుకుంది. ఆయన రైలెక్కిన మర్నాడే లక్మే, దంతెవాడలో ఫాగున్ మడై మొదలైందని, ఊరంతా దేవుళ్లను తీసుకుని పోతున్నారని, ఏటేటా పోయేదే కదా అని చెప్పి జాతరకు వెళ్లిపోయింది. ఇంట్లో జ్ఞానప్రసూన, మిరియం మిగిలారు. ఆ రోజులు ఆమెకు హాయిగా గడిచాయి. పుస్తకం, కొండగాలి, కాళ్ల దగ్గర కుక్క. తరవాత ఆమెకు అన్నిటికన్నా తలచుకోలేనివి ఆ హాయి రోజులే అయ్యాయి.

ఒక ఉదయం మిరియం వంటింటి గుమ్మాన్ని ఢీకొంది. వెనక్కి తగ్గి, మళ్లీ నడిచి, మళ్లీ అదే గుమ్మాన్ని ఢీకొంది. మూడోసారి అడుగు వేయకుండా ముందరి కాలు గాలిలో ఎత్తి అలాగే నిలబడింది. జ్ఞానప్రసూన వంగి ముఖం దగ్గరికి తీసుకుంది. రెండు కళ్లలో నల్లగుడ్లు బాగా విచ్చుకుని, లోపల నూనెదీపం పెట్టినట్టు వింతగా మెరుస్తున్నాయి. కంటి ముందు చెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు. చెయ్యి వాసన తగిలాక మాత్రం తోక కదిలింది.

అవినాష్‌కు ఆమె ఫోను చేయడం అదే మొదటిసారి. అన్నాళ్లూ ఫోన్లన్నీ సత్యమూర్తే చేసేవాడు. చూసింది చూసినట్టు, ఒకదాని వెంట ఒకటి చెప్పింది. అతను మధ్యలో అడ్డు రాకుండా విని, వైద్యుడికి సహజమైన తొందరలో అడిగేశాడు:

"ప్రెషర్ మాత్ర ఎప్పటినుంచి ఆగిపోయింది టీచర్?"

"ఏ మాత్ర?"

ఫోను పోయిందేమోనని ఆమె ఒకసారి చూసుకుంది. పోలేదు.

"సార్ ఊళ్లో లేరా టీచర్?"

"నేనున్నాను. ఏ మాత్ర?"

అప్పుడు అతను చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. మిరియానికి వానాకాలం నుంచే మూత్రపిండాలు పాడవుతున్నాయి. దానితో రక్తపోటు పెరిగింది. రోజూ సార్ చేత్తో ఒక మాత్ర, ఉప్పు లేని తిండి. రేపు ఎలాగైనా తీసుకురమ్మన్నాడు. ఉప్పు అన్న మాట దగ్గర జ్ఞానప్రసూన పొయ్యి వైపు చూసింది. ఉప్పు పట్టించి ఎండబెట్టిన నెత్తళ్లు ఉడుకుతున్నాయి. లేచి పొయ్యి ఆర్పింది.

మధ్యాహ్నం లక్మే జాతర నుంచి కొత్త గాజులతో, నవ్వుతూ వచ్చింది. గుమ్మం దగ్గర కుక్కను చూడగానే నవ్వు పోయింది. చీర కొంగు ముడి విప్పి ఒక మాత్రల పట్టీ తీసి నేల మీద పెట్టింది. ఒక్కటీ తగ్గలేదు.

"సాబ్ ఇచ్చారు మేడమ్. రొట్టెలో పెట్టి కుక్కకు ఇయ్యి అన్నారు. మేడమ్‌కు బతానా నై, చెప్పొద్దు, బి.పి. పెరిగిపోతది అన్నారు. మడైలో యాద్ మర్చిపోయిన."

జ్ఞానప్రసూన ఆమెను ఏమీ అనలేదు. దాచమన్న దానిని లక్మే దాచింది. ఆమెకు జీతం ఇచ్చేది ఈ ఇల్లే. పట్టీ తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, పేరు చదివింది. తరవాత అల్మారా తెరిచి తన మందుల డబ్బా కిందికి దించింది. అదే పేరు. అదే మందు, మోతాదు ఒక్కటే తేడా. మిరియం చూపు పోతున్న ఆ ఉదయాలన్నిటా ఆ మందు ఈ అల్మారాలోనే ఉంది. ఆమె రోజూ పొద్దున్నే ఒకటి మింగి, డబ్బా మూసి, చేపలు కడగడానికి వెళ్లేది.

సత్యమూర్తి అప్పటికి తిరుగు రైలుకు సిద్ధమవుతున్నాడు. ఆమె ఫోను చేసి, రేపు కిరందుల్ బండిలో ఇంటిదాకా రావద్దు, జగదల్‌పూర్‌లో దిగి క్లినిక్‌కు రమ్మంది.

"ఏ క్లినిక్‌కి?"

"మీకు దారి తెలిసిన క్లినిక్‌కే."

ఫోను పెట్టేసింది. మర్నాడు తెల్లవారుతూనే మిరియాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. గీదం దాటాక రోడ్డు మీద గుంతలేమీ లేవు. కొత్త తారు, ముగ్గుగీతలా తిన్నగా. వానకు పోయిన రోడ్డు తరవాత వేసి ఉండవచ్చు. వేయకపోయి కూడా ఉండవచ్చు. భర్త చెప్పిన ఏ మాటనూ పరీక్షించకుండా ఒప్పుకోవడం ఇక కుదరదని ఆమెకు ఆ రోడ్డు మీద అర్థమైంది.

అవినాష్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. అతను మిరియం ముందరి కాలికి పసిపిల్లల గాజంత పట్టీ చుట్టి, గది తలుపు మూసి, ఫ్యాను కూడా ఆపి, అది కుదుటపడ్డాక మళ్లీ మళ్లీ కొలిచాడు. చిన్న దీపంతో కళ్లలోకి చూశాడు. రక్తం తీసి పంపాడు. అంతసేపూ జ్ఞానప్రసూన బల్ల పక్కన నిలబడి మిరియం చెవి పట్టుకుని ఉంది.

"మొదటి నుంచి చెప్పు. మెట్టు వదలకుండా."

అతను చెప్పాడు. మూత్రపిండాలు చెడితే రక్తపోటు పెరుగుతుంది, పెరిగిన రక్తపోటు ఆ మూత్రపిండాలనే మరింత చెరుపుతుంది, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పోతాయి. ఆ ఒత్తిడికి కంటి వెనక పొర గోడనుంచి ఊడి వచ్చేసింది, రెండు కళ్లలోనూ. వానాకాలంలో కొలిస్తే నూట తొంభై. మాత్ర మొదలయ్యాక, దీపావళి వెళ్లాక సార్ మళ్లీ తెచ్చినప్పుడు నూట నలభైకి దిగింది. ఇవాళ రెండు వందల ముప్పై.

దీపావళి తరవాత టీకా అని చెప్పి సత్యమూర్తి తీసుకువెళ్లాడు. ఆమె దానికి కొత్త గొలుసు కట్టి మరీ పంపింది.

"మాత్ర తప్పకపోయి ఉంటే?"

"అలా చెప్పలేం టీచర్. ఒక్కో కుక్కకి ఒక్కోలా..."

"కుక్కలన్నిటి గురించి నేను అడగలేదు."

అతను దీపం ఆర్పి బల్ల మీద పెట్టాడు. "చూపు ఉండేది టీచర్."

"ఇది నాకెందుకు చెప్పలేదు?"

"సార్ అడిగారు. మీరు అప్పుడు పడిపోయారని మా అందరికీ తెలుసు కదా. మీకేమైనా అవుతుందని భయపడ్డాం."

"ఇక్కడ నీ పేషెంటు ఇదా, నేనా?"

అతను నేల చూపులు చూశాడు. నల్లబల్ల దగ్గర లెక్క మధ్యలో ఆగిపోయినప్పుడు అచ్చం అలాగే నిలబడేవాడు. అప్పట్లో ఆమె అటువంటి పిల్లలకు సుద్దముక్క తీసుకుని తరువాయి మెట్టు రాసి ఇచ్చేది. ఈసారి ఇవ్వలేదు. ఆ గదిలో ఇంకొకటి కూడా జరిగింది, దాన్ని గమనించింది ఆమె ఒక్కతే: వినవలసినదంతా ఆమె నిలబడే విన్నది. కాళ్లు వణకలేదు, కళ్లు తిరగలేదు. ఏ భయం పేరు చెప్పి ఇన్నాళ్లు ఇందరు నోళ్లు కుట్టుకున్నారో, ఆ భయానికి ఆధారం లేదు.

ఒత్తిడి త్వరగా దిగితే ఊడిన పొర తిరిగి అతుక్కోవచ్చునని, ఒకటి రెండు వారాల్లో తేలుతుందని, చాలావాటికి అతుక్కోదని అవినాష్ చెప్పాడు. మిరియాన్ని లోపల సెలైన్‌కు పడుకోబెట్టారు.

సత్యమూర్తి పెట్టెతో, పెళ్లివారిచ్చిన సారె డబ్బాతో ఆటో దిగాడు. వరండాలో బెంచీ మీద ఉన్న భార్యను చూసి దగ్గరికి వచ్చి మొట్టమొదట అడిగిన మాట: "నీ మాత్ర వేసుకున్నావా?"

ఆమె ఒళ్లోని మిరియం దుప్పటి మడత పెట్టింది.

"వేసుకున్నాను. మన ఇంటి ఇద్దరాడవాళ్లలో నాకు మాత్రం ఎవరూ ఎగ్గొట్టలేదు."

ఆయన బెంచీ చివర కూర్చున్నాడు. పెట్టె కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"నీకేటైనా అయితే నేనేటైపోవాలి ప్రసూనా? అప్పుడు ఆసుపత్రిలో నిన్ను చూసినాను. మళ్లా అలా చూడలేను. అందుకే చెప్పలేదు. నీ కోసమే."

"నా చేత దానికి ఉప్పు పెట్టించారు."

"కనబడినప్పుడల్లా పారబోసినాను కదా."

"కనబడనప్పుడు?"

ఆయన పెట్టె పిడి సర్దుకున్నాడు.

"సంతకు వెళ్లి తెచ్చాను. ముళ్లు ఏరాను. చల్లార్చి పెట్టాను. మీరు పక్కన కూర్చుని పేపరు చదువుతూ, వాసన అన్నారు. ఇది దానికి పడదు అని ఒక్క మాట అనవలసింది."

"అంటే ఎందుకని అడుగుతావు."

"అడుగుతాను."

"అడిగితే చెప్పాలి కదా మరి."

తనకు వచ్చిన కష్టాన్ని వివరిస్తున్నట్టు అన్నాడు ఆయన ఆ మాట. ఆమె తల తిప్పుకుంది. ఎదుటి మనిషి అబద్ధమాడినందుకు సిగ్గుపడుతున్నాడని అంతవరకూ అనుకుంది. ఆయన సిగ్గుపడుతున్నది బయటపడినందుకు. అబద్ధం పట్ల ఆయనకు ఇప్పటికీ గౌరవమే ఉంది. ఊరికి వెళ్తూ ఆ మాత్ర తన చేతికి ఇవ్వవచ్చునన్న ఊహ అయినా వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాడు. బలానికి మాత్ర అని చెప్పి ఇద్దామనుకున్నాడట. కాని నువ్వు పట్టీ మీద పేరు చదువుతావు, అన్నాడు. అందుకని చదువురాని మనిషిని వెతికి ఇచ్చారు, అంది ఆమె. సెలైన్ ముగిశాక మిరియాన్ని తీసుకుని బచేలీకి కారెక్కారు. మిరియం ఇద్దరి మధ్యా పడుకుని, మలుపు వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడుతూ వచ్చింది.

ఇంటికి చేరిన మర్నాడు భానుశ్రీ ఫోను చేసింది. కూతురికీ మొదటినుంచీ తెలుసని జ్ఞానప్రసూన అప్పటికే ఊహించింది. అడిగి రూఢి చేసుకుంది, అంతే. భానుశ్రీ ఏడ్చింది. నాన్న ఎంత నలిగిపోయారో తెలుసా అంది. ఆఖరున, నీ బి.పి. ఎలా ఉందమ్మా అంది.

"మీ నాన్ననడుగు. నన్ను గురించి మీరిద్దరూ మాట్లాడుకోవడం అలవాటే కదా."

మిరియం మాత్ర ఇప్పుడు ఆమె చేతిలోకి వచ్చింది. ఉప్పు లేని అన్నం, కొంచెం గుడ్డు తెల్లసొన, గుమ్మడి ఉడికించిన ముద్ద. తినకపోతే చేత్తో పెట్టేది. చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేర్చుకుంది. మొదటిసారి సూది గుచ్చినప్పుడు మిరియం మూలిగింది గాని కదలలేదు. సత్యమూర్తి సీసా పట్టుకుంటానని లేచాడు. ఆమె గోడకు మేకు కొట్టించి దానికి తగిలించింది. ఇంట్లో సామాను ఎక్కడిదక్కడే ఉండాలని, కుర్చీ జరిపితే కుక్క కొట్టుకుంటుందని ఆయనకు చెప్పింది. ఇటువంటివి చెప్పడానికి తప్ప ఆయనతో మాట్లాడటం మానేసింది.

రోజూ పొద్దున్న కిటికీ తలుపులు మూసి, టార్చి వేసి, నల్లగుడ్లు చిన్నవవుతాయేమోనని చూసేది. బి.పి. దిగింది. జగదల్‌పూర్‌లో అవినాష్ కొలిచి, కావలసినంత దిగిందన్నాడు. ప్రతి అంకె ఇప్పుడు ఆమెకు నేరుగా చెబుతున్నాడు, అడగనివి కూడా. నల్లగుడ్లు చిన్నవి కాలేదు. ఒక ఉదయం టార్చి ఆర్పి కిటికీ తెరిచాక, రేపటి నుంచి ఇది అక్కరలేదని ఆమెకు తెలిసింది. టార్చిని వంటింటి అరలో యథాస్థానంలో పెట్టింది. మూత్రపిండాలు ఎంతకాలం నెట్టుకొస్తాయని అడిగితే, వేసవి దాటితే అదృష్టమేనని అవినాష్ దాచకుండా చెప్పాడు.

ఆ సాయంత్రం సత్యమూర్తి బజారు నుంచి వచ్చాడు. గేటు గడియ చప్పుడుకు మిరియం తల ఎత్తింది. వరండా గోడకు ఒళ్లు ఆనించుకుంటూ, ముక్కుతో గాలిని వెతుక్కుంటూ, మెట్టు దగ్గర ఆగి కాలితో తడిమి, దిగి, ఆయన చెప్పుల దాకా వచ్చింది. ఆయన గొంతుకూర్చున్నాడు. అది ఆయన అరచేతిలో మూతి పెట్టి, ఎప్పటిలాగే వెనకభాగమంతా ఊగేలా తోక ఊపింది. ఆయన కళ్లు తుడుచుకోకుండానే వరండాలో ఉన్న భార్య వైపు తిరిగాడు.

"చూసినావా ప్రసూనా. దీనికి నా మీద కోపం లేదు."

జ్ఞానప్రసూన చదువుతున్న పుస్తకం మూసింది.

"దానికి ఎవరూ చెప్పలేదు" అంది.

ఆయన చెయ్యి కుక్క తల మీద ఆగిపోయింది. తోక మాత్రం ఊగుతూనే ఉంది. ఆయన పక్కన ఉండగా దానికేమీ లోటు లేదు. తన నుంచి కూడా ఇన్నాళ్లూ ఆయన కోరుకున్నది ఇదేనని ఆమెకు ఆ తోకను చూస్తుంటే స్పష్టంగా కనిపించింది. అన్నం పెట్టి, ఆరోగ్యం కనుక్కుని, కాళ్ల దగ్గర ఉంచుకోగల సంతోషం. ఇందులో ఆయనకు కపటం లేదు. ఉండి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది.

ఆమె లేచి లోపలికి వెళ్లి మాత్ర తీసుకుని మెట్లు దిగింది. మిరియాన్ని పేరు పెట్టి పిలిచి, గొంతు వినిపించేలా రెండు మాటలు చెప్పి, తాను దగ్గరికి వస్తున్నట్టు తెలియనిచ్చింది. ఆయన చేతుల్లోనుంచి దాని తల తన వైపు తిప్పుకుంది. దవడ తెరిచి, మాత్రను నాలుక వెనక పెట్టి, మింగేదాకా గొంతు కింద నిమిరింది. నీళ్ల గిన్నె ఆయన పక్కనే ఉంది. అందుకోమని అడగకుండా, ఆయనను చుట్టి వెళ్లి, తానే తెచ్చుకుంది.